మూతలకు బదులు పలికిన ఖాలా

ఆ రోజుల్లో అమీర్‌పేటలో గది దొరకడం ఉద్యోగం దొరకడం కన్నా కష్టం. మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు ఎన్ని వేలాడేవో, వాటి కింద మంచం జాగా వెతుక్కుంటూ తిరిగే కుర్రాళ్ళు అంతకు పదింతలు ఉండేవాళ్ళు. అలాంటి చోట గాలీ వెలుతురూ ఉన్న మేడ మీది గదిలోకి ఎవరూ రావడం లేదంటే దానికో కారణం ఉండాలి. ఆ కారణం నేనే. మా సందులో ఇప్పటికీ చెప్పుకునే ‘ఖాలా ఇంటి దయ్యం’ నా నోట పుట్టింది. అది దయ్యం కాదు, టమాటా. ఈ మాట అప్పుడే గట్టిగా చెప్పాల్సింది. తల నెరిశాక చెబుతున్నాను.

నేను తెనాలి వైపు నుంచి వచ్చినవాణ్ణి. పగలు పంజాగుట్టలో ఒక చిన్న ఆఫీసులో డేటా ఎంట్రీ, సాయంత్రం మైత్రీవనంలో కోర్సు. నాతోపాటు గదిలో మా జిల్లావాడే ఇంకొకడు ఉండేవాడు. వాణ్ణి పహిల్వాన్ అనేవాళ్ళం (కండలు చూసి కాదు, కంచం చూసి). కింది వాటాలో ఇంటి యజమానురాలు ఒక్కతే ఉండేది. వీధంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిస్తే మేమూ అలాగే పిలిచాం. పిల్లలు లేరు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆయన్ని సాబ్ అనేది. టమాటా గుజ్జు, మామిడి మురబ్బా, ఉసిరికాయలు సీసాల్లో పెట్టి ఎర్రమంజిల్ క్వార్టర్లలోని ఆఫీసర్ల ఇళ్ళకు అమ్మేది. ఆ పని నేర్పింది కూడా అక్కడి ఒక ఆఫీసరు గారి భార్యేనట.

మా మెట్లు ఖాలా సామాను గది పక్కనుంచి పైకి వెళ్తాయి. ఆ గదికి మెట్ల వైపు చిన్న వెంటిలేటరు ఉండేది. మేం దిగిన కొత్తలో ఒక వాన సాయంత్రం కరెంటు పోయింది. చేతులతో గోడ తడుముకుంటూ మెట్లెక్కుతుంటే లోపల్నుంచి ‘టక్’ మని చప్పుడైంది, ఎవరో గోటితో ఇనప తలుపు మీద కొట్టినట్టు. దాని వెనకే ఖాలా గొంతు, విన్నానని ఎవరికో చెబుతున్నట్టు, చాలా నెమ్మదిగా: “హా, సున్లీ.” కాసేపు వాన తప్ప ఏమీ లేదు. మళ్ళీ ‘టక్’. “అచ్ఛా, నువ్వు సుత వచ్చినవా?” పహిల్వాన్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు. మేం ఊపిరి బిగబట్టి నిలబడి ఉంటే ఖాలా గొంతు ఈసారి బతిమాలుతున్నట్టుగా వచ్చింది: “ఏమైంది? అలిగినవా? అందరు పలికిన్రు, నువ్వొక్కనివే పలుకుతలేవు.”

“ఒరేయ్, లోపల ఎవరున్నార్రా?” అన్నాడు పహిల్వాన్.

“ఎవరూ లేరు. ఆవిడొక్కతే.”

“మరి పలికిందెవరు? పలకంది ఎవరు?”

ఆ రాత్రి పహిల్వాన్ అన్నం తినలేదు. వాడెంత భయపడ్డాడో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం నా దగ్గర లేదు.

మర్నాడు నేను ఆఫీసుకు వెళ్తూ ఖాలా వంటింట్లోకి తొంగిచూశాను. స్టవ్ మీద మనిషి కూర్చోగలిగినంత పెద్ద స్టీలు డేగిశా. దాని మీదకు వంగి ఆవిడ ఒక గళ్ళ లుంగీని మెల్లగా, ముడతలు సాపు చేస్తూ, అడుగున పరుస్తోంది. నిద్రపోయేవాడికి పక్క వేస్తున్నట్టు ఉంది ఆ తీరు. ముందుగదిలో గోడ మీది ఫోటోలో సాబ్ కట్టుకున్నది సరిగ్గా ఆ లుంగీయే. పంజాగుట్ట దాకా బస్సులో ఖాళీ సీటున్నా నిలబడే వెళ్ళాను.

అసలు సంగతి ఆ ఆదివారమే తెలిసిపోయింది. డేగిశా దించడానికి సాయం కావాలని ఖాలాయే పిలిచింది. కాదనే ధైర్యం లేక వెళ్ళాను. నీళ్ళల్లో నిలబెట్టిన సీసాలు, వాటి కింద లుంగీ.

“గీ పనికి గిన్నెనే ముఖ్యం బేటా,” అంది. “టమాటా ఉడకబెట్టనీకి కళాయి లేని ఇత్తడి వద్దు, అల్మినం వద్దు. పులుపు గిన్నెను తింటది, గా గిన్నె మనల్ని తింటది. స్టీలుదే మంచిది. సీసాలు ఉడికే గిన్నె లోతుగుండాలె, వాటి తలకాయలు మునిగేదాంక నీళ్ళుండాలె. అడుగున బట్ట లేకుంటే సీసాలు గజగజ కొట్టుకొని పలుగుతయ్.”

“మరి ఈ లుంగీ...”

“సాబ్‌ది. కట్టి కట్టి మెత్తగైంది. బతికున్నన్ని దినాలు వంటింట్లకు తొంగి సుత చూడలే. గిప్పుడు చూడు, రోజు వస్తుండు.”

సీసాలు బయటపెట్టి గుడ్డ మీద వరసగా నిలబెట్టాక ఆవిడ పక్కనే పీట వేసుకుని కూర్చుంది. చల్లారుతున్న కొద్దీ లోపలిది ముడుచుకుని మూతను కిందికి లాగుతుంది. మూత నడుమ లోపలికి పడ్డప్పుడు ‘టక్’ మంటుంది. టక్ మన్నదంటే ఏడాది దాకా ఫికర్ లేదట. “మరి మీరు బదులు చెప్పడమెందుకు ఖాలా?” అనడిగాను. నేనేదో కూడని మాట అన్నట్టు చూసింది. “సలాం జెప్పినోళ్ళకు జవాబియ్యకుంటే ఎట్ల బేటా?”

అంటే నాకు తెలుసు. తెలిసి కూడా, సాయంత్రం మైత్రీవనం ముందు చాయ్ బండి దగ్గర, తెలియనట్టే కథ చెప్పాను. చుట్టూ చేరినవాళ్ళ కళ్ళు పెద్దవవుతుంటే నాకు నాలుక ఆగలేదు. లుంగీ లేచి నడిచిందన్నది నా చేర్పే. (డేగిశాలోంచి దగ్గు వినపడిందన్నది మాత్రం నేను కాదు, ఎవరో తర్వాత కలిపారు.) చివర్లో “మొత్తానికి ఎర్రగడ్డ కేసు” అన్నాను. అక్కడి పిచ్చాసుపత్రి పేరెత్తితే ఈ ఊళ్ళో ఎవరైనా నవ్వుతారు, అందరూ నవ్వారు. పహిల్వాన్ మటుకు నవ్వలేదు. వారం తిరక్కుండా సనత్‌నగర్‌లో వేరే గది చూసుకున్నాడు. వాడి మంచంలోకి మనిషి రాలేదు.

ఆ నవ్వు తిరిగి తిరిగి ఖాలా మరిది చెవిన పడింది. ఆయనకు ఎర్రగడ్డ మార్కెట్లో మసాలా దినుసుల దుకాణం. మంచివాడే. మంచివాడు కాబట్టే ఒక ముసురు సాయంత్రం ఆటో తీసుకుని వచ్చేశాడు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“భాభీ, చెప్పులేసుకో. డాక్టర్‌కు చూపిద్దాం. ఇంక గీ ఇంట్ల ఒక్కదానివి వద్దు, గా స్టవ్ వద్దు. సామాను సర్దుదాం, మా ఇంట్ల ఉందువు.”

“సీసాలు గిప్పుడే దించిన,” అంది ఖాలా. “మూతలు పడేదాంక నేను కదల.”

“చూసిన్రా? మూతలంట!” అన్నాడాయన ఎవరితోనని కాకుండా.

నేను ముందుకొచ్చాను. “అంకుల్, అది దయ్యం కాదండీ. టమాటా అండీ.”

“నువ్వేనా గా మేడ మీద పోరనివి? లుంగీ లేచి నడిచిందని సందంత జెప్పింది నువ్వే గదా?”

ఖాలా నా వైపు తిరిగింది. తిట్టి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన అవసరం ఉండేది కాదేమో.

అంతలో కరెంటు పోయింది. “కూసోండ్రి ఇద్దరు,” అంది ఖాలా చీకట్లోంచి. సామాను గదిలో సీసాల వెనక కొవ్వొత్తి పెట్టింది. గుజ్జు నిండిన సీసాలు లోపల్నుంచి వెలిగాయి, ఎర్రగా, బతికున్నదేదో అందులో ఒదిగి కూర్చున్నట్టు. మా నీడలు గోడ మీద మాకన్నా ముందే వణుకుతున్నాయి. మూతలు పలకలేదు. బయట ఆటోవాలా హారన్ కొట్టి కొట్టి ఊరుకున్నాడు. మూతలు పలకలేదు. ఇవాళ ఇవి పలక్కపోతే ఈ మనిషి రేపటి నుంచి ఈ ఇంట్లో ఉండదు. ఆ సంగతి నాకు తెలుసు, మరిదికి తెలుసు. సీసాలకు తెలుసో లేదో తెలియదు. జీవితంలో మొదటిసారి, చివరిసారి, మూతలకు దణ్ణం పెట్టుకున్నాను.

‘టక్.’

మరిది ఎగిరిపడ్డాడు. “హా, సున్లీ,” అంది ఖాలా. మళ్ళీ ‘టక్’. ఆయన గొణుగుతూ దువా మొదలుపెట్టాడు. ఒకటొకటిగా అన్నీ పలికాయి, అన్నిటికీ ఆవిడ బదులిచ్చింది. చివరిది ఒక్కటి మిగిలింది.

“గీడొకడు అలిగిండు,” అని ఖాలా మరిది చెయ్యి లాగి బొటనవేలు ఆ మూత మీద పెట్టించింది. నొక్కితే దిగింది, వదిలితే లేచింది. “గిది దాచనీకి రాదు, రేపే కూరల వెయ్యాలె. మిగిలినయి నొక్కి చూడు, కదలవు. నేను పిచ్చిదాన్నైతే గీ తేడా నాకెట్ల తెలుస్తది?”

మరిది మూతలన్నీ నొక్కి చూశాడు. మొదటి వరసకు అనుమానంగా, రెండో వరసకు పిల్లవాడిలా. “మాఫ్ కరో భాభీ,” అన్నాడు. కరెంటు వచ్చేసరికి ఇద్దరూ నవ్వుతున్నారు. అలిగిన సీసాను, ఇంతసేపు ఊరికే ఆపినందుకు, ఆటోవాలాకు ఇచ్చి, రేపే వండుకోమని మరీ మరీ చెప్పి పంపారు.

నేను మెల్లగా మెట్ల వైపు జారుకుంటుంటే ఖాలా పిలిచింది. “గంత మంచి కత జెప్పినవంట. సందంత ఇన్నది. నాకొక్కదానికే ఎందుకు జెప్పలే బేటా?”

మర్నాడు చాయ్ బండి దగ్గర నిజం చెప్పాను. టమాటా అనగానే జనం పల్చబడ్డారు. నా పెళ్ళయ్యే దాకా ఆ గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. ఖాలా నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. ప్రతి విడతలోనూ ఒక సీసా మెట్ల మీద పెట్టేది.

ఖాలా పోయి చాలా కాలమైంది. ఆ ఇంటి చోట ఇప్పుడు హాస్టల్ లేచింది. ఈమధ్య ఆ సందులో చాయ్ తాగుతుంటే ఒక కుర్రాడు స్నేహితుడికి చెబుతున్నాడు: “గీ హాస్టల్ల కింద రూముల టక్ టక్ మంటది భాయ్. ఒక ముసలామె జవాబిస్తది.” ఆగలేక, “అది టమాటా బాబూ,” అన్నాను. వాడు నన్ను జాలిగా చూసి, “మీకు తెల్వదంకుల్,” అన్నాడు.

మొన్న ఆదివారం మా వంటింట్లో లోతైన స్టీలు గిన్నె అడుగున నా పాత లుంగీ పరిచి సీసాలు ఉడికించాను. సాయంత్రం మూతలన్నీ పలికాయి, ఒక్కటి తప్ప. దీపం వెయ్యబుద్ధి కాక దాని ముందు కూర్చున్నాను.

“ఏమైంది? అలిగినవా?”

‘టక్.’

“ఎవరండీ, వంటింట్లో?” అంది మా ఆవిడ హాల్లోంచి. “ఆడగొంతులా వినపడితేనూ.”

“నేనే,” అన్నాను. అలిగినవా అని అడిగిందీ నేనే అనుకుంటున్నాను. ఎందుకైనా మంచిదని, చీకట్లోనే, మూతకు బదులు పలికాను.