పొడుగు కాళ్ళ యంత్రం

ఎఫ్రాయిమ్ స్ట్రాడర్ చేసిన బట్టలుతికే యంత్రానికి కాళ్ళు మరీ పొడుగు. మార్ష్‌ఫోర్డ్ ఊళ్ళో ఆ మాట అనని మనిషి లేడు.

అయోవా రాష్ట్రం మొత్తం మీద ఎవరు చేసిన యంత్రమైనా ఆడమనిషి నడుము దాకా వస్తుంది. మూత మీదున్న పిడి పట్టుకుని, కాస్త వంగి, తిప్పుకుంటారు. స్ట్రాడర్ యంత్రంలో తొట్టి అంచే నేల నుంచి నాలుగడుగులుంది. దాని మీద మూత, మూత మీద పళ్ళచక్రాలు, వాటి పక్కన పిడి. అది తిప్పాలంటే చెట్టు కొమ్మ మీది కాయ అందుకున్నట్టు చెయ్యి ఎత్తాలి.

"ఎవరి కోసం చేశావయ్యా ఇది? సర్కసులో పొడుగుమనిషి పెళ్ళాం కోసమా?" అని అడిగింది పక్కింటి కర్నీలియా టీటర్, మొదటిసారి చూసినప్పుడు.

"నడుం నొప్పి రాదు," అన్నాడు ఎఫ్రాయిమ్.

"నడుం సరే, రెక్కలు ఊడతాయిగా!"

అతను నవ్వలేదు. నవ్వడు కాబట్టే ఊరు ఇంకా ఎక్కువ నవ్వింది. ఈ ఊరు అతని మీద జాలి చూపించింది మూడు వారాలు, నవ్వింది ఐదేళ్ళు. ఏ ఊరి లెక్కయినా దాదాపు ఇంతే.

కాళ్ళ సంగతి పక్కనపెడితే, ఆ యంత్రంలో వంక పెట్టడానికేం లేదు. ఎఫ్రాయిమ్ పుట్టుపనివాడు. వెన్న కేంద్రాలకి చెక్క తొట్లు చేసేవాడు. అతను బిగించిన తొట్టిలోంచి చుక్క కారిందని ఎవరూ అనగా వినలేదు. యంత్రం తొట్టిని నీళ్ళకి కుళ్ళని సైప్రస్ చెక్కతో కట్టాడు. లోపలి గోడలకి బట్టలు రుద్దే చెక్క మీద ఉన్నట్టే గాళ్ళు తీశాడు. మూత అడుగున ఒక ఇరుసు, దాని చివర పాలు పితికే పీటకి కాళ్ళున్నట్టు నాలుగు కొయ్య మేకులు. పిడి తిప్పితే మేకులు బట్టల్ని నీళ్ళలో అటూ ఇటూ ఈడుస్తాయి.

మొదట చేసినప్పుడు మేకులు ఒకే వైపు గిర్రున తిరిగేవి. బట్టలన్నీ మోకులా పేనుకుపోయి, చొక్కా చేతులు చొక్కాని వదిలేసి వచ్చాయి. ఏం చెయ్యాలో తోచక అతను ఒక సోమవారం పని మానేసి, వంటింటి గుమ్మంలో కూర్చుని, భార్య లుయెల్లా చేతుల్ని చూశాడు. ఆమె గుడ్డని ఒకసారి ఇటు నులిమి, వెంటనే అటు వదులుతోంది. మణికట్టు సగం తిరిగి వెనక్కి వస్తోంది. అంతే. ఇంకో రెండు నెలలు కమ్మరి దగ్గర కూర్చుని, పిడి ఎటు తిప్పినా మేకులు సగం చుట్టు తిరిగి వెనక్కి వచ్చేలా చక్రాలకి పళ్ళు కోయించాడు. గుండీలు విరక్కుండా మేకుల మొనలు గుండ్రంగా చెక్కాడు. మూతకి ఇనప కొక్కెం పెట్టాడు, పొరపాటున కూడా తెరుచుకోకుండా.

ఆ రోజు అతను గుమ్మంలో కూర్చున్నంతసేపూ లుయెల్లా ఒక్కసారీ తలెత్తలేదు. ఆ ఇంట్లో అప్పటికే మాటలు తక్కువ.

అంతకు మూడేళ్ళ ముందు వాళ్ళకో కూతురుండేది. పేరు డోర్కస్. నాలుగేళ్ళది.

మార్ష్‌ఫోర్డ్‌లో సోమవారమంటే ఉతుకుడు రోజు. ఎవరి దుప్పట్లు ముందు తీగ మీదికెక్కితే ఆ వారానికి వాళ్ళది ఇల్లు, మిగతావాళ్ళవి కొంపలు. అందుకే తెల్లారేసరికి పొయ్యి మీద రాగి గంగాళం మరుగుతుండేది. పనిలోకి వెళ్ళేముందు మగాడు చెయ్యాల్సిన పని ఒక్కటే. ఆ గంగాళం ఎత్తి తొట్టిలో వంపడం. తొట్టి ఒక బల్ల మీద ఉంటుంది.

ఎఫ్రాయిమ్ ఇంట్లో ఆ బల్ల కాలు వదులైంది. "ఆదివారం బిగిస్తాలే," అన్నాడు మూడు ఆదివారాలు. ఊరందరి తొట్లూ బిగించేవాడికి సొంత బల్ల గుర్తుండలేదు. ఆ సోమవారం తొట్టిని వంటింట్లో నేల మీదే పెట్టి, మరిగే నీళ్ళు వంపి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. డోర్కస్ పిల్లిని ముందుకాళ్ళు పట్టుకుని లాగుతూ, వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చి, తొట్టి అంచు తగిలి, అందులో కూర్చుండిపోయింది.

బుధవారం దాకా బతికింది.

ఆ పొద్దుటి సంగతి ఎఫ్రాయిమ్‌కి గుర్తున్నంతవరకూ ఎవరూ ఏమీ మాట్లాడలేదు. వదులైన కాలు, దాని పక్కన తను, అంతే గుర్తు. లుయెల్లా ఆ తర్వాత కూడా బల్ల ఊసెత్తలేదు. తిట్టినా బాగుండేదనుకున్నాడు. తిట్టకపోవడమే శిక్ష అనుకున్నాడు. తనకి చేతనైంది చేశాడు. పిల్లలకి అందనంత ఎత్తులో, మూత బిగించి, వేడినీళ్ళు.

యంత్రం వంటింట్లోకి వచ్చింది. లుయెల్లా ఐదడుగుల మనిషి. మొదటి సోమవారమే కిరోసిన్ డబ్బాలొచ్చే చెక్కపెట్టె ఒకటి తెచ్చుకుని, బోర్లించి, దాని మీదికెక్కి పిడి తిప్పింది. అలా ఐదేళ్ళు తిప్పింది.

పద్దెనిమిది వందల తొంభై ఒకటి వసంతంలో, పక్క ఊళ్ళో నాగళ్ళు, విత్తనపు గొర్రులు చేసే ఫ్యాక్టరీ యజమాని క్రాస్బీ ఒక సోమవారం పొద్దున్నే బండి దిగాడు. ఉతుకుడు యంత్రాలు కూడా చేసి అమ్మాలని ఆయనకి కొత్తగా బుద్ధిపుట్టింది. ఇరుసులకి పూసే జిడ్డు పట్టిన పనివాడి కోటొకటి చంకలో పెట్టుకొచ్చాడు.

"ఇది తెల్లబడిందంటే నీ యంత్రం గొప్పదే స్ట్రాడర్."

లుయెల్లా కోటు లోపల వేసి, కొక్కెం బిగించి, పెట్టె ఎక్కింది. క్రాస్బీ పకపకా నవ్వాడు.

"ఏమోయ్, మీ ఆవిడ బట్టలుతుకుతోందా, ఓట్లడుగుతోందా?"

ఇరవై నిమిషాల తర్వాత కోటు బయటికి తీసి వెలుతురులో తిప్పితిప్పి చూశాడు. నవ్వు మానేశాడు. మూత ఎత్తి మేకుల్ని వేలితో తోసి, అవి సగం తిరిగి వెనక్కి రావడం నాలుగైదుసార్లు చూశాడు.

"తీసుకుంటాను. నీ పేరు కూడా తొట్టి మీద వేయిస్తాను. ఒకటే మాట. కాళ్ళు ఒక అడుగు కొయ్యి."

"కాళ్ళు తప్ప ఏదైనా మార్చండి క్రాస్బీ గారూ."

"అదేం పట్టుదలయ్యా! యంత్రంతో పాటు పెట్టె కూడా అమ్మమంటావా? ఏ ఇల్లాలు కొంటుందిది?"

"అంతకంటే పొట్టిది చెయ్యను."

క్రాస్బీ అతని వంకా, ఆమె వంకా చూశాడు. "శనివారం బండి పంపిస్తాను. కాళ్ళు కోసి ఉంటే ఎక్కిస్తారు. లేదా, దీని మీద కోళ్ళని పెంచుకో." తడి కోటు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఎఫ్రాయిమ్ మూత తుడుస్తున్నాడు. లుయెల్లా ఇంకా పెట్టె మీదే ఉంది.

"ఎందుకు ఒద్దన్నావు?" అంది.

"నీకు తెలీదా?"

"తెలుసు. తెలుసు కాబట్టే అడుగుతున్నా. ఇంకా ఎన్నాళ్ళు ఎక్కిస్తావు నన్ను దీని మీదికి?"

"ఎక్కించడమేంటి?"

"ఈ పెట్టె మీదికి, ఎఫ్రాయిమ్. ప్రతి సోమవారం ఎక్కుతున్నాను. నువ్వు నోటితో అనవు. నీ బదులు ఇది అంటుంది. నేల మీద పెట్టమన్నది నువ్వే కదే అని."

అతని చేతిలో గుడ్డ ఆగిపోయింది. "ఎవరన్నారు నేల మీద పెట్టమని?"

"నేనే! కర్నీలియా దుప్పట్లు అప్పటికే తీగ మీదున్నాయి. కిటికీలోంచి చూశాను. నువ్వు గంగాళం పట్టుకుని తచ్చాడుతున్నావు. ఎంతసేపు, అక్కడే నేల మీద పెట్టేసి పో, అన్నాను. అరిచాను కూడా."

"నువ్వా?"

"ఎనిమిదేళ్ళుగా నువ్వు ఆ మాట ఎప్పుడంటావా అని చూస్తున్నాను. అనేస్తే అయిపోయేది. అనకుండా, ఇంతెత్తున ఇది చేసి తెచ్చి, నా వంటింట్లో నిలబెట్టావు."

అతను వెనక్కి వెళ్ళి ఆ పొద్దుటి వంటింట్లో ఆమె గొంతు వెతికాడు. దొరకలేదు. అరిచిందేమో. పిల్లి ఉంది, ఆవిరి ఉంది, బల్ల కాలుంది.

"నేను నిన్నంటానా? బల్ల నేను బిగిస్తే కదా... మూడు వారాలు నువ్వు చెప్తూనే ఉంటివి..."

లుయెల్లా అర్థంకానట్టు చూసింది.

"ఏ బల్ల?" అంది.

ఎఫ్రాయిమ్ అక్కడే, గచ్చు మీద, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. లుయెల్లా పెట్టె దిగి, దాని మీదే కూర్చుంది. పొయ్యి మీద మిగిలిన నీళ్ళు మరిగి మరిగి ఇగిరిపోయాయి. ఆ వీధిలో ఆ రోజు వాళ్ళింటి తీగ ఖాళీగా ఉంది.

గురువారం అతను రంపం తెచ్చాడు. అడగకుండానే ఆమె వచ్చి తొట్టి ఒరిగిపోకుండా పట్టుకుంది. నాలుగు కాళ్ళూ అడుగు చొప్పున తెగాయి. లేపి నిలబెడితే కొత్త వస్తువులా ఉంది. లుయెల్లా దాని ముందు నుంచుని పిడి పట్టుకుంది గానీ తిప్పలేదు. అరచెయ్యి తొట్టి అంచు మీద ఆనించింది.

"ఇది దాని గడ్డం దాకా వచ్చేది కదూ?"

"ఎవరి గడ్డం?"

ఆమె అరచెయ్యి అంచు మీదే ఉంది. అది చూసి అతనే అన్నాడు, "గడ్డమా! నుదుటి దాకా వచ్చేది."

"నువ్వెప్పుడు చూశావు, పొద్దున వెళ్తే సాయంత్రం వచ్చేవాడివి. పక్కన నిలబెట్టుకుని జడలేసింది నేను. గడ్డం దాకా, అంతే."

"కాదు లుయెల్లా."

"నీకు అంత గట్టిగా ఎలా తెలుసు?"

"మూడడుగుల రెండంగుళాలు," అన్నాడు ఎఫ్రాయిమ్. "దాన్ని పడుకోబెట్టిన పెట్టె చేసింది నేనే కదా."

ఆమె చెయ్యి అంచు మీద నుంచి తీసింది. తీసి, మళ్ళీ రెండంగుళాలు పైన, గాల్లో పెట్టింది. అక్కడే ఉంచింది కాసేపు.

శనివారం క్రాస్బీ బండి వచ్చింది. యంత్రాన్ని గోనెల్లో చుట్టి ఎక్కించుకుపోయారు. కర్నీలియా కంచె మీద చేతులాన్చి, "ఏమయ్యా, చివరికి పొట్టిది చేశావే! మా మాట వినడానికి ఇన్నేళ్ళు పట్టిందా?" అంది. ఆ పొద్దున తీగ మీదున్న ఆవిడ దుప్పట్ల గురించి మాత్రం ఎవరూ ఎప్పుడూ ఆవిడకి చెప్పలేదు.

యంత్రాలు తయారై, ఒకటి వాళ్ళ ఇంటికి రావడానికి ఎండాకాలం వెళ్ళిపోతుందన్నారు. అందాకా పాత తొట్టే గతి. సోమవారం పొద్దున ఎఫ్రాయిమ్ కొట్టంలోకి వెళ్ళాడు. పాత పీపా పలకల వెనకాల, మూడు కాళ్ళ మీద నుంచుని, నాలుగోది వేలాడేసుకుని, బల్ల అక్కడే ఉంది. వెలుతురులోకి తెచ్చి తిరగేశాడు. పాత చీల ఊడగొట్టి, ఓక్ చెక్కతో కొత్త చీల చెక్కి, రెండు దెబ్బలు వేసి దిగగొట్టాడు.

పావుగంట పట్టింది.

వంటింట్లో పెట్టి, తొట్టి దాని మీదికెత్తాడు. లుయెల్లా వచ్చి బల్ల అంచు పట్టుకుని, బలమంతా వేసి ఊపి చూసింది. కదల్లేదు. ఇంకోసారి ఊపింది.

"నీళ్ళు పొయ్యి," అంది.

అతను గంగాళం ఎత్తి నీళ్ళు వంపాడు. అప్పటికి వీధిలో అందరి దుప్పట్లూ ఎగురుతున్నాయి.