ఇంటి గడప నుంచి విమానం మెట్ల దాక

మా జాగ్రఫీ సార్ చనిపోయిండన్న కబురు నాకు నిజామాబాద్ బస్టాండ్‌ల తెలిసింది. మా పాత కాలేజీ అటెండరు కనపడి చెప్పిండు. "పొద్దున చాయ్ తాగుకుంట కూసున్నోడు కూసున్నట్టే పోయిండట" అన్నడు. నేను తేరుకోకముందే ఇంకో మాట అన్నడు. "ఆదివారం సంతాప సభ ఉంది. ప్రెసిడెంట్ సాబ్ వస్తుండు. మీరు కూడ మాట్లాడాలె." ఒకప్పుడు మమ్మల్ని విలాయత్ పంపిన కమిటీకి ప్రెసిడెంటు ఆయన.

సభల ఆ పెద్దమనిషి సార్ ఫోటోకు దండేసి, కండువతోని కండ్లు తుడుచుకున్నడు. "మన జిల్లా పిల్లల్ని విలాయత్ పంపింది మేమిద్దరమే. ఆయన నా కుడి భుజం" అన్నడు. జనం చప్పట్లు కొట్టిండ్రు. నా వంతు రాకముందే లేచి బయటికొచ్చిన. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్న.

అరవైల్ల సంగతి. చక్కెర తయారీ చదువుకోను మా జిల్లా నుంచి ఐదుగురు సైన్సు విద్యార్థుల్ని ఒక ఏడాది పాటు ఇంగ్లండ్ పంపాలని ఒక పథకం వచ్చింది. దానికొక కమిటీ, కమిటీకి ఈ ప్రెసిడెంటు. పరీక్ష పెట్టిండ్రు. ఫస్టు వచ్చింది రజియా, బోధన్‌ల దర్జీ బిడ్డ. నేను నాలుగోవాణ్ని.

ప్రయాణం ఏర్పాట్లన్నీ సార్ నెత్తిన పెట్టిండ్రు. ఆయన విమానం ఎక్కింది లేదు, దగ్గరికి పోయి చూసింది కూడ లేదు. అయినా నెల తిరగకముందే ఏ విమానం ఏ ఊర్ల ఎంత సేపు ఆగుతదో నోటికి చెప్పేటోడు. ఆయన దిగులంత నేల మీది ప్రయాణం గురించే. "విమానం సంగతి విమానపోళ్లు చూస్తరు బిడ్డా. ఇంటి గడప నుంచి విమానం మెట్ల దాక మనం చూడాలె" అనేది.

దసరా సెలవులల్ల ఒక్కడే బొంబాయి పోయొచ్చిండు. ట్రంకు పెట్టెల రాళ్లు నింపుకొని పోయిండంటే నమ్ముతరా? విమానంల ఎంత బరువు తీస్కపోనిస్తరో సరిగ్గ అంత బరువు, గంజ్‌ల బెల్లం తూచే కాంటా మీద తూచుకొని మరీ. మన్మాడ్‌ల చిన్న లైను బండి దిగి పెద్ద లైను బండి ఎక్కాలె. ఆ పెట్టె మోసుకొని వంతెన ఎక్కి దిగి ఎంత సేపు పడ్తదో గడియారం పెట్టి చూసిండట. వాపస్ వచ్చినంక వారం దినాలు భుజం పైకి లేవక ఎడమ చేత్తోని బోర్డు మీద రాసిండు. మేం నవ్వినం. ఆయన కూడ నవ్విండు.

విమానం టిక్కెట్లకు పేర్లు పంపే ముంగట కమిటీ కూసుంది. మమ్మల్ని బయట వరండల నిలబెట్టిండ్రు. తలుపు తెరిచే ఉండె.

"ఆ దర్జీ బిడ్డ పేరు తీసెయ్యండి" అన్నడు ప్రెసిడెంటు. "ఆడపిల్ల. మన్మాడ్‌ల బండి మారాలె, బొంబాయిల ఒక రోజు ఆగాలె. యాడ ఉంటది? ఎవరు జిమ్మేదార్?"

"మన్మాడ్‌ల ఆడోళ్ల వెయిటింగ్ రూం ఉంది. నేను చూసొచ్చిన, అక్కడి ఆయమ్మతోని మాట్లాడొచ్చిన" అన్నడు సార్. "బొంబాయిల ఆడపిల్లల హాస్టల్ల ఉండనిస్తమని వార్డెనమ్మ రాసిన జాబు ఇదిగో. వాళ్ల నాయిన విమానం కాడి దాక వస్తనన్నడు. ఇంకేం గావాలె?"

ప్రెసిడెంటు నోట్లె పాన్ ఉండె. ఆ జాబు అందుకున్నడు, చదవలే. వేళ్లకంటిన సున్నం దానికి తుడిచి బల్ల మీద పడేసిండు. "మీరు పటాలు గీయండి సార్. మనుషుల సంగతి మేం చూస్తం" అన్నడు.

రజియా నా పక్కకే నిలబడి అంత విన్నది. మెట్లు దిగి పోయింది. ఆ సీటు ప్రెసిడెంటు మేనల్లునికి పోయింది. పరీక్షల మా అందరి వెనుక వచ్చినోడు.

ఇంత వరకు అసహ్యం వాళ్ల మీద. ఇప్పుడు చెప్పేది నా మీద.

మూడోనాడు సార్ మా ఇంటికొచ్చిండు. హైదరాబాద్ పెద్దాఫీసుకు అర్జీ రాసిండు. మేం మిగిలిన నలుగురం సంతకం పెడితే రజియా సీటు రజియాకు వస్తదన్నడు. మా అవ్వ చాయ్ ఇచ్చింది. నేను కాయిదం చేతుల పట్టుకొని, "బాపును అడిగి చెప్తా సార్, ఇంట్ల లేడు" అన్న. బాపు లోపలి అర్రల దగ్గుతున్నడు. ఆ దగ్గు సార్‌కు వినపడ్డది. కాయిదం మెల్లగ నా చేతులకెంచి తీసుకొని మడత పెట్టుకున్నడు. "సరే బిడ్డా, చాయ్ మంచిగుంది అవ్వకు చెప్పు" అని లేచిండు.

మిగిలిన ముగ్గురు కూడ పెట్టలే. సార్ ఒక్కని సంతకంతోనే అర్జీ పోయింది. కమిటీ మాటే ఆఖరని జవాబు వచ్చింది.

ఇగ ఆయన ఈ పని వదిలేస్తడనుకున్నం. వదల్లే. ఒక్కొక్కనికి దారి వివరాలు ఒక్కో కాయిదం మీద రాసిచ్చిండు. నా దాంట్ల, "నీకు బస్సుల తిప్పుతది. బొంబాయిల విమానం కాడికి పోయే బస్సుల ముంగటి సీట్ల కూసో, జేబుల నిమ్మకాయ పెట్టుకో" అని ఉంది. మేనల్లునిది కూడ అంతే శ్రద్ధతోని రాసిండు. "వానికెందుకు సార్?" అన్న. "దారి తప్పితే ఎవరి బిడ్డయినా ఆగమే అయితడు" అన్నడు.

బయలెల్లిన నాడు స్టేషన్ల దండలన్ని ప్రెసిడెంటు మెడలనే. ఫోటో తీసేటప్పుడు సార్ మా పెట్టెలు ఎక్కిస్తున్నడు. అందుకే ఆ ఫోటోల ఆయన లేడు.

ఎక్కడా ఒక్క బండి తప్పలే. చలి పడదని మేనల్లుడు మూడు నెలలకే వాపస్ వచ్చిండు, వానికి కూడ సన్మానం చేసిండ్రట. మేం అక్కడున్నప్పుడే సార్‌ను ఇంకో జిల్లాకు బదిలీ చేసిండ్రు. రిటైరైనంకనే మళ్ల నిజామాబాద్ వచ్చిండు.

అప్పుడు పోయి కలిసిన. మొదలు అడిగింది మన్మాడ్ వంతెన గురించే. "సరిపోయిందా టైము?" సరిపోయిందన్న. చాన సేపు కూసొని, ఆఖరికి సంతకం సంగతి తీసిన. తప్పయింది సార్ అన్న. ఆయన కోపం చేయలే. "నాకు కాదు బిడ్డా చెప్పవలసింది. బోధన్‌కు గంటకొక బస్సు ఉంది" అన్నడు.

ఆ బస్సు నేను ఎక్కలే. రేపు, ఎల్లుండి అనుకుంటనే ఏండ్లు గడిపిన. ఆయన పోయినంక, ఆ సభల చప్పట్లు విన్నంక ఎక్కిన. సోమవారం పొద్దున.

రజియా బోధన్‌ల ఆడపిల్లల బడిల సైన్సు టీచరు. నేను పోయేసరికి పిల్లల్ని పోచంపాడ్ డ్యాం చూపియ్య తీస్కపోతున్నది. రోడ్డవతల బస్సు ఆగి ఉంది. గేటు కాడనే నిలబడి చెప్పిన, అర్జీ సంగతి, బాపు దగ్గు సంగతి, అన్ని. 

"నాకు తెల్వదు" అన్నది కడకు. "మీరు సంతకాలు పెట్టినా వాళ్లు వినలేదనే చెప్పిండు సార్."

 ఆమె నా మొఖం చూసింది. ఆ చూపుల ఏముండెనో ఇప్పటికీ చెప్పలేను. "పిల్లలు ఎండల నిలబడ్డరు" అని మర్లింది.

గానుగ సీజన్. ఫ్యాక్టరీకి పోయే చెరకు బండ్లు రోడ్డు పొడుగూత తెంపు లేకుండ వస్తున్నయి. రజియా రోడ్డు నడుమకు పోయి చెయ్యెత్తింది. ముంగటి బండి ఆగింది, దాని వెనుకది ఆగింది, కనుచూపు మేర బండ్లన్ని ఒక్కటొక్కటే ఆగినయి. ఎడ్లు తలలాడిస్తున్నయి. ఇద్దరిద్దరు చేతులు పట్టుకొని పిల్లలు దాటుతున్నరు. ఆఖరి పిల్ల దాటేదాక ఆమె చెయ్యి దించలే.