పామిడిలో పురుగులు తగ్గిన సంవత్సరం

వానలు పడని జిల్లాలో దోమల మీద పరిశోధన చేస్తున్నానంటే బయటివాళ్ళు నవ్వుతారు. మొదట్లో నేనూ నవ్వాను. డెంగీ వైరస్‌ను మోసే దోమకు చెరువులు అక్కర్లేదు, డ్రమ్ములో నిలవ ఉన్న మంచినీళ్ళు చాలు. కుళాయి ఎనిమిది రోజులకొకసారి వచ్చే వీధిలో డ్రమ్ము లేని ఇల్లుండదు. కరువు ముదిరేకొద్దీ డ్రమ్ములు పెరుగుతాయి. అనంతపురం కరువు జిల్లా అని దోమకు ఎవరూ చెప్పినట్టు లేదు.

నేను చదివింది జంతుశాస్త్రం. గణాంకాలు ఎవరూ నేర్పలేదు. పాత పుస్తకాలు ముందేసుకుని, తప్పులు చేస్తూ, కొట్టేస్తూ నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాడికి ఒక బలహీనత ఉంటుంది. ఏ అంకెనైనా రెండో దారిలో సరిచూసుకోకపోతే అన్నం సయించదు.

మా వైరస్ పరిశోధన కేంద్రంలో నేను చాలా ఏళ్ళుగా తాత్కాలిక ఉద్యోగిని. పామిడి అధ్యయనం పత్రంగా అచ్చయితే ఉద్యోగం ఖాయం చేయిస్తానని పెద్ద సారు మాట ఇచ్చాడు. పని సులువే. నెలనెలా పామిడిలో ఒకే వీధికి వెళ్ళాలి, నీళ్ళ పాత్రల్లో టార్చి వేసి దోమ పిల్లపురుగులున్న ఇళ్ళను లెక్కపెట్టాలి, ఆ నీళ్ళు అక్కడికక్కడే పారబోయించాలి. ఇలా చేస్తే పురుగులు తగ్గుతాయని నిరూపించాలి.

తగ్గాయి. ఐదు నెలల్లో గ్రాఫులో గీత దాదాపు సున్నాకు దిగింది. ఇంత చక్కటి గీత తన సర్వీసులోనే చూడలేదన్నాడు సారు. అదే వీధి నుంచి జ్వరం వచ్చినవాళ్ళ రక్తం మాత్రం మా ల్యాబుకు వస్తూనే ఉంది, అందులో డెంగీ తేలుతూనే ఉంది. పనికి పోయిన చోట దోమలు కుట్టి ఉంటాయన్నాడు సారు. నేను నమ్మాను. నమ్మడంలో నాకు లాభముంది.

ఆరో నెల, ఇంట్లోనే మిషను పెట్టుకుని నైటీలు కుట్టే ఒక ముస్లిం ఆమె ఇంటికి వెళ్ళాను. వసారాలో రెండు బిందెలున్నాయి, పురుగుల్లేవు. సున్నా రాయబోయి ఆగాను. ఇంట్లో ఆరుగురున్నట్టు నా పుస్తకంలోనే ఉంది.

"కుళాయి ఎప్పుడొచ్చిందమ్మా?"

"ఐదు దినాలాయె."

"ఇంకా మూడు రోజులు ఈ రెండు బిందెలతోనే గడుపుతారా?"

"మేం తక్కువ తాగుతామన్నా," అంది మిషను తొక్కుతూనే.

"మరి బట్టలు?"

"తక్కువ ఉతుకుతాం."

పక్కింటామె గడపలో నిలబడి వింటోంది. "ఇంగ చూపీయక్కా. ఆ సారు లెక్కలేస్తాండాడు, ఇడిసిపెట్టేట్టు లేడు."

కుట్టే ఆమె లేచి లోపలి గదిలోకి తీసుకుపోయింది. నైటీల మూటలు ఒక్కొక్కటే దించింది. వాటి కింద నీలం డ్రమ్ము. టార్చి వేస్తే నీళ్ళలో పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"ఇది మొదటి నెల వసారాలో ఉండేది కదా?"

"ఉండె. నువ్వొచ్చి ఆరు దినాల నీళ్ళు కాలవలో పోయించి పోతివి. ఆ వారం వీధంతా తిరిగినా బిందెడు నీళ్ళు పుట్టలేదు. దోమ కుడితే జొరమొస్తాదో రాదో. నువ్వొస్తే నీళ్ళు పోయేది మాత్రం ఖాయం."

"అందరూ ఇంతేనా?"

"అందరూ కుట్టేటోళ్ళే గదన్నా, మూటలకేం కొదవ? మీ జీపు మలుపు తిరిగితానే మొదటింటామె కేకేస్తాది. 'పురుగుల సార్లొచ్చినారు' అని."

ఈ దోమకు చీకటి గదులు, వేలాడే బట్టలు ఇష్టమని ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. అంటే ఐదు నెలలు శ్రమపడి నేను చేసిందేమిటంటే, వసారాలో ఉన్న దోమలను వాళ్ళ పడకగదుల్లోకి చేర్చడం. గీతలో దిగినవి పురుగులు కావు, నాకు కనబడే డ్రమ్ములు.

ఆ రోజు నీళ్ళు పారబోయించలేదు. పక్కింటి బిందెలు కూడా తెచ్చి, ఆమె ఇచ్చిన పలచటి గుడ్డ కట్టి వాటిలోకి వడగట్టాం, డ్రమ్ము తోమి ఆ నీళ్ళే మళ్ళీ పోశాం. చుక్క పోలేదు.

"ఈ పని మొదటి నెలే చేసుంటే సరిపోయేది గదన్నా," అంది.

నిబంధనల్లో పారబోయాలనే ఉంది. పుస్తకంలో ఆ గడి కొట్టేసి 'వడగట్టాం' అని రాశాను.

నీళ్ళు పారబోయించడం లేదని తెలిసి, మరుసటి నెలకు వీధి వీధంతా డ్రమ్ములు తెరిచి చూపించింది. గీత నిట్టనిలువుగా లేచింది. సారు ఆ కాగితాన్ని ఐదో నెల దగ్గర మడిచాడు.

"ఏమప్పా, చేతికొచ్చిన పత్రం పాడు చేస్తివి గదా. ముందు ఐదు నెలలు పంపు. తర్వాతవి సర్వేలో లోపమని పక్కన పెడదాం."

"లోపం ఉండేది ముందు ఐదు నెలల్లోనే సార్."

"పత్రంలో నీ పేరే మొదట రాస్తి. ఆలోచించుకో."

ఆలోచించాను. పదిసార్లు కూడి చూసినా ఆ వీధి ఆడవాళ్ళు రెండు బిందెలతో ఎనిమిది రోజులు బతికినట్టు తేలలేదు. అన్ని నెలల అంకెలూ పంపాను. మొదటి ఐదింటి పక్కన, ఇవి పురుగుల లెక్క కాదని, మా నుంచి నీళ్ళు దాచుకోవడంలో జనం సాధించిన నేర్పు లెక్క అని రాశాను.

పత్రం తిరిగొచ్చింది. ఉద్యోగం ఖాయం కాలేదు. పురుగులు ప్రమాదకరంగా పెరిగాయి కాబట్టి అధ్యయనాన్ని మాత్రం మరో ఏడాది పొడిగించారు. దాంతోపాటు నన్ను కూడా, తాత్కాలికంగా.