మెత్తని రోడ్డు

పక్కింటి అంకుల్ పోయారని నాకు ఫోన్‌లో తెలిసింది. నేను పనిచేసే ఇండియన్ స్టోర్ వెనకాల చేపల ఫ్రీజర్ కడుగుతున్నాను. మన కాలిఫోర్నియా డబ్లిన్ తెలుగువాళ్ల గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది, పొద్దున్నే గుండెపోటు అని. దాని కింద వరసగా దండాల బొమ్మలు. వాటి మధ్యలో ఒకాయన, "వాళ్ల ఇల్లు అమ్మకానికి పెడతారేమో ఎవరికైనా తెలుసా?" అని అడిగాడు. చేతికి చేపల కంపు, ఫోన్‌లో ఇది. ఏది ఎక్కువ కంపో నాకు తెలీలేదు.

అదే గ్రూప్‌లో ఇది రాస్తున్నాను. నలుగురిలో మాట్లాడటం నాకు రాదు. చదువు కూడా అంతంతే.

అంకుల్ పంతొమ్మిది వందల డెబ్బైల్లో తెనాలి నుంచి మిన్నెసోటాకి చదువుకోడానికి వచ్చారట. అక్కడి చలికాలంలో తోచక మంచు మీద స్కీయింగ్ నేర్చుకున్నారట. రిటైరయ్యి ఇటు వచ్చాక కూడా మానలేదు. నేను ఒంగోల్లో ఎనిమిదో క్లాసు మధ్యలో ఆపి అమ్మానాన్నలతో ఇక్కడికి వచ్చాను. స్కూల్లో ఎవరితోనూ మాట్లాడేవాణ్ని కాదు. ఒక శనివారం ఆయన కారు మీద స్కీలు కడుతుంటే గోడ దగ్గర నిలబడి చూస్తున్నాను.

"చూస్తే ఏమొస్తుందిరా, కారెక్కు," అన్నారు.

మంచు లేని ఆరు నెలల్లోనే స్కీ చేసేవాడు తయారవుతాడనేవారు. అందుకని చక్రాల స్కీలు. పొట్టి పట్టీకి ముందొకటి, వెనకొకటి రబ్బరు చక్రం, చేతుల్లో రెండు పొడుగు కర్రలు. ఎండలో వాటి మీద పోతుంటే మీలో చాలామంది కార్లు స్లో చేసి మరీ నవ్వారు. "మంచు ఎప్పుడొస్తుంది బాబూ, షిప్పింగ్‌లో ఉందా?" అని ఒకాయన అడిగారు.

వారానికి మూడు పొద్దులు చక్రాలు, నాలుగు సాయంత్రాలు స్టోర్‌లో పని, ఆదివారం కొండ. స్టోర్ మానేస్తానంటే ఆయనే తిట్టారు. "బియ్యం మూటలెత్తే చేతికి కర్రలు బరువు కావురా. ఎత్తు." కొండ మీద మాత్రం టైమ్ చూడనిచ్చేవారు కాదు. ఒకసారి నా వాచ్ విప్పించి జేబులో వేసుకున్నారు. "ఇది ట్రైనింగ్ కాదు. ఊరికే ఎక్కు." పైకి వెళ్లాక మెంతులు నానబెట్టిన మజ్జిగ సీసా ఇచ్చేవారు. అంత అసహ్యమైనది నేను జన్మలో తాగలేదు. కక్కొచ్చేది. అయిపోయేదాకా ఆయన మూత చేతిలో పట్టుకుని, నా మొహం చూసి నవ్వుతూ నిలబడేవారు.

జనవరిలో టాహో కొండల దగ్గర కుర్రాళ్ల స్కీ రేసు ఉంది. నా పేరు ఆయనే రాయించారు. నేనేమో ఈ వేసవిలో స్టోర్ కుర్రాళ్లతో నదికి పోయి ఈత కొట్టడం మొదలుపెట్టాను. మర్నాడు పొద్దున నిద్ర. "వెళ్లావా?" అని మెసేజ్ పెట్టేవారు. "వెళ్లాను అంకుల్, పది మైళ్లు," అని మంచం మీంచే కొట్టేవాణ్ని. "శభాష్" అని వచ్చేది. అది చదివి అటు తిరిగి పడుకునేవాణ్ని. ఇప్పుడు ఆ మెసేజ్‌లు చూస్తే నా మీద నాకే రోత పుడుతోంది.

ఒకవైపే అరగకుండా రెండు వారాలకోసారి చక్రాలు అటువి ఇటు మార్చాలి. ఆగస్టులో ఆయన స్కీ తిరగేసి బొటనవేలితో రబ్బరు తడిమారు.

"ఏంట్రా, అరగనే లేదు."

"రోడ్డు మెత్తగా ఉందేమో అంకుల్."

అలాంటి అబద్ధం ఆడినవాణ్ని చెప్పుతో కొట్టినా తప్పు లేదు. ఆయన చక్రాలు మార్చి బోల్టులు బిగించారు.

"ఆ మెత్తని రోడ్డేదో నాకూ ఒకసారి చూపించు," అన్నారు. అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

చెప్పేద్దామని రోజూ అనుకున్నాను. అలా అనుకుంటూ ఉండగానే అక్టోబర్ వచ్చింది, ఆయన పోయారు.

పెద్దకర్మ రోజు వాళ్లింట్లో, కార్లు స్లో చేసి నవ్వినవాళ్లే గారెలు నములుతూ "ఆయన మాకు ఇన్‌స్పిరేషన్ అండీ" అంటున్నారు. వినలేక వంటింట్లోకి వెళ్లాను. ఆంటీ నా భుజం పట్టుకుని అక్కడున్న ఆడవాళ్లకి చూపించారు.

"వీడి గురించే చెప్పేవారు. వేసవంతా ఒక్క రోజు కూడా మానలేదట."

అందరూ నా వైపు చూశారు. అంకుల్ ఆంటీకి కూడా చెప్పలేదు. నా అబద్ధం ఆయన మోశారు.

"అవునాంటీ," అన్నాను.

బయట గారెలు తినేవాళ్లకీ నాకూ తేడా లేదు. ఆంటీ, ఈ గ్రూప్‌లో మీరూ ఉన్నారు. నేను మానాను. చాలా రోజులు మానాను. ఆయనకి తెలుసు.

ఇప్పుడు పొద్దున్నే చక్రాల మీద వెళ్తున్నాను. రబ్బరు అరుగుతోంది. మెత్తని రోడ్డు ఎక్కడా లేదు.

ఈ వారం పైన కొండల్లో మంచు పడింది. ఏప్రిల్‌లో ఆంటీ పాత ఇస్త్రీపెట్టెతో అంకుల్ నా మంచు స్కీల అడుగున మందంగా మైనం పట్టించారు. వేసవిలో అడుగు ఎండిపోకుండా అది అలాగే వదిలేసి, మంచు పడ్డాక గీకేయాలి. ఆ రోజు మైనం ఆరిందో లేదో అని ఆయన ఒక స్కీ తోక దగ్గర బొటనవేలితో నొక్కి చూశారు. ఆ ముద్ర అలాగే ఉంది.

నిన్న ముందు నుంచి గీక్కుంటూ వచ్చాను. మైనం తెల్లగా చుట్టలు చుట్టుకుని నా కాళ్ల మీద పడింది. ముద్రకి జానెడు ఇవతల ఆపాను. గీకని చోట మంచు పట్టుకుంటుంది, స్కీ వెనక్కి లాగుతుంది.

పట్టుకోనీ.