ఆకు ముఖం చూడని పువ్వు

తొలకరి పడి వారమైంది. పొద్దున ఆరింటికి జడ్చర్లలో కల్వకుర్తి బస్సెక్కాను. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. నెర్వీలియా అనే చిన్న నేల ఆర్కిడ్ గురించి ఏటా క్లాసులో ఊదరగొడతానే గాని, దాని పువ్వును కళ్లారా చూసింది లేదు. దుంప నుంచి ముందు పువ్వు వస్తుంది. అది వాడిపోయాకే ఒకే ఒక్క ఆకు నేలకు అంటుకుని విచ్చుకుంటుంది. మన్ననూరు దగ్గర నిరుడు నేను ఆకులు చూసిన జాగాలో ఉపాధి పని కింద వాననీటి గుంట తవ్వుతున్నారని, నిరుడు అక్కడ పరిచయమైన, పని చూసే మేటు యాదమ్మ ఫోన్ చేసింది. పలుగు తగిలితే దుంపలు మిగలవు. ఆ భయంతోనే బయల్దేరాను.

కల్వకుర్తిలో ఇడ్లీ తిని అచ్చంపేట బస్సు పట్టుకున్నాను. పక్క సీటు పెద్దాయనకు సంగతి చెబితే, "ఆకు లేకుండ పువ్వు పూస్తదా? పరాచికాలాడుతున్నవా సారూ?" అని నవ్వాడు. ఒళ్లు మండింది గాని, నేను మాత్రం చూశానా!

అచ్చంపేటలో మళ్లీ బస్సు మారి మన్ననూరు చేరేసరికి పదకొండు. గుంట అప్పటికే నడుము లోతు అయింది. నా ప్రాణం ఉసూరుమంది.

"మీరు ఫోన్ల చెప్పినట్ల గుండ్రటి ఆకు కోసం అంతా దేవులాడినం సారూ. గీడ ఒక్కటి గూడ లేకుండె," అంది యాదమ్మ.

ఎలా ఉంటుంది? ఈ నెలలో ఆకే ఉండదు. ఇన్నేళ్లు పాఠం చెప్పిన నేనే ఆమెకు ఆకు గుర్తులు చెప్పాను!

లోతు కొలవడానికి గుంట మధ్యలో కొంత మట్టిని తవ్వకుండా దిమ్మెలా వదులుతారు. దాని మీద జానెడు కాడ నిలబడి ఉంది. ఒక్క ఆకు లేదు. తలవంచిన లేత ఆకుపచ్చ పూలు, వాటి పెదవిలాంటి తెల్లటి రేకు మీద సన్నని గీతలు. మోకాళ్ల మీద కూర్చుని దగ్గరగా చూశాను. గోలీకాయంత దుంప ఎండాకాలమంతా మట్టిలో దాక్కుని, నాలుగు చినుకులు పడగానే ఉన్నదంతా పువ్వుకే పెట్టేసింది.

"గీ దానికోసమా గంత దూరం వచ్చిండ్రు?" యాదమ్మ బుగ్గలు నొక్కుకుంది. "కొలతలైనంక దిమ్మె గూడ తీసేస్తం. ఇంటికి కొంచవోండ్రి."

"వద్దమ్మా. దుంపకు తిండి అందించే ఈ మట్టిలోని బూజు తోడు లేకుంటే అది బతకదు. మట్టితో సహా ఇక్కడే పక్కకు జరుపుదాం."

రెండింటికి కొలతలయ్యాయి. నలుగురు ఆడవాళ్లు పువ్వున్న మట్టిపెళ్ల చెదరకుండా గోనెసంచి మీదికి ఎత్తి, గట్టవతల వెదురు పొద కింద దించారు. యాదమ్మ చుట్టూ రాళ్లు పేర్చింది.

సాయంత్రం తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. పువ్వును చూసిన సంతోషం ఒకవైపు, దుంప బతికిందో లేదో ఆకు వచ్చేదాకా తెలియదన్న బెంగ ఒకవైపు. మీరూ చూడాలనుకుంటే తొలకరి వెంటనే వెళ్లండి. ఏమీ మొలవని చోట మాత్రం అడుగు చూసి వేయండి.