సారు గట్టు పక్కన నేనేసిన బోరు

మా పక్క చేని సారు పోయినాడన్న మాట నాకు నంద్యాలలో తెలిసింది. కాలిపోయిన మోటరుకు వైండింగ్ చేయించుకుందామని అంగడి ముందర బెంచీ మీద కూర్చోనుంటే, ఆళ్లగడ్డ బస్సు దిగిన మా ఊరాయన ఒకడు నన్ను చూసి ఆగి చెప్పినాడు. పొద్దున టీ తాగి, పేపరు చదువుతా చదువుతా కుర్చీలోనే ఒరిగిపోయినాడంట. మోటరు ఆడనే వదిలేసి తిరుగు బస్సెక్కినాను.

నేను పోయేసరికి సారు ఇంటి ముందర సందు నిండా జనం. ఆయన దగ్గర చదువుకున్నోళ్లు శిరివెళ్ల నుంచి, బేతంచెర్ల నుంచి కూడా వచ్చినారు. నాకు ఏడుపు రావాల. వచ్చింది మాత్రం వేరే ఆలోచన. నేను పోతే ఇందులో సగం మందైనా వస్తారా అని. సారు గురించి రాయాలంటే ఈ మాటతోనే మొదలుపెట్టాల. పదిహేనేండ్లు ఆయన్ను చూసి కుళ్లుకున్నోణ్ణి నేను.

సారు ఆళ్లగడ్డ బడిలో సైన్సు చెప్పేవాడు. నేనూ ఆయన దగ్గర చదివినోణ్ణే, పదో తరగతి తప్పి సేద్యంలోకి దిగినాను. డెబ్బైల్లో ఆయన మా చేని పక్కనే నాలుగెకరాలు కొన్నాడు. సుద్దముక్క పట్టిన చేతులు ఎన్నాళ్లు సేద్యం చేస్తాయిలే అని నాయనా నేనూ నవ్వుకున్నాం. రెండేండ్లకు నాయన నవ్వు మానేసినాడు. సారు మిరప మా మిరప కంటే ఎర్రగా, ఒత్తుగా కాసింది. అన్నం ముందర కూర్చున్నప్పుడల్లా నాయన, సారును చూసి నేర్చుకోరా అనేవాడు. పుట్టినకాడి నుంచి మన్నులో బతికినోడికి ఆ మాట ఎట్ల దిగుతాది గొంతులోకి?

రెండు చేండ్లకూ కలిపి ఒకటే బావి. ఒకనాడు ఆయన వంతు, ఒకనాడు మా వంతు. సారు పొద్దున్నే సైకిల్ మీద వచ్చి, ముడులేసిన తాడు బావిలోకి వదిలి, ఎన్ని ముడులు తడిసినాయో నోటుబుక్కులో రాసుకునేవాడు. ఇదేం పని సార్ అని అడిగితే, నీళ్లు ఎంతుండాయో తెలీకుండా పైరు ఎట్ల పెడతావప్పా అన్నాడు. నాకు ఆ పుస్తకం చూస్తేనే ఒళ్లు మండేది.

చేండ్లకు కరెంటు వచ్చినాక మొదటి బోరు ఆయనదే. నంద్యాల నుంచి బోరు లారీ వచ్చింది. ఊరంతా చూసేదానికి కదిలింది. తెల్ల బురద చిమ్మి, దాని వెనక నీళ్లు లేచినాయి. మా నాయన దోసిలి పట్టి తాగి, సారు భుజం తట్టినాడు. నా భుజం ఆయన ఎప్పుడూ తట్టింది లేదు. సారు నా దగ్గరకొచ్చి, మీ చేనికీ ఒక తడి ఇస్తాలే అన్నాడు. అవసరం లేదన్నాను.

మరుసటేడు నేనూ బోరు వేయిద్దామనుకున్నాను. కొబ్బరికాయ చేతిలో పెట్టుకొని నీళ్లు చూసేటాయన పడమటి మూల చూపించినాడు. నేను ఆ మూల వదిలేసి, సారు గట్టుకు నలభై అడుగుల దూరంలో లారీ నిలబెట్టినాను. ఆయన నూరడుగులు పోతే నేను నూటయాభై పోయినాను. నీళ్లు బాగా పడినాయి.

ఆ ఎండాకాలమే సారు బోరు దగ్గడం మొదలుపెట్టింది. గాలి, బురద, మళ్లీ గాలి. పూత మీదున్న మిరప వాలిపోయింది. నేను మా మోటరు పక్కన నిలబడి అదంతా చూసినాను. చూసి సంతోషపడినాను. అది దాచిపెట్టి ఆయన మంచోడని ఎంత రాసినా అబద్ధమే అయితాది.

ఒకనాడు సారు గట్టు దాటి వచ్చినాడు. కొట్లాటకేనని నేను సిద్ధంగా ఉన్నాను. ఆయన తిన్నగా అడిగినాడు.

“మోటరు ఎన్ని గంటలు ఆడిస్తాండావప్పా?”

“కరెంటు ఉన్నంతసేపు.”

ఆయన గట్టు మీద కూర్చున్నాడు. బావిలో తోడుకున్నన్నాళ్లు నువ్వెంత తోడుతాండావో నాకు కనపడేది, నేనెంత తోడుతాండానో నీకు కనపడేది, ఈ బోరులో ఎవరికీ ఏమీ కనపడదు అన్నాడు. నంద్యాలలో ఇప్పుడు కట్టే ప్రతి ఇంటికీ ఒక బోరంట. ఎక్కడో దూరదేశంలో ఒక మహానగరం కింద నీళ్లు తోడితోడి నేలే కిందికి దిగిపోతాందని పేపరులో చదివినాడంట. మన ఇద్దరం వంతులు పెట్టుకుందాం అన్నాడు. నేను నవ్వి, మా నేల గట్టిదే సార్ అన్నాను.

మూడేండ్లలో మా చుట్టూ తొమ్మిది బోర్లు లేచినాయి. నంద్యాలలో రెండే ఉన్న మోటర్ల అంగళ్లు వీధి పొడుగునా అయినాయి. వానలు తప్పిన ఏడు నా బోరూ గాలే కొట్టింది. అప్పటికి అందరూ పాత బావుల్లో రాళ్లూ చెత్తా వేసి పూడ్చుకున్నారు. మా బావిని మాత్రం సారు పూడ్చనీయలేదు. బడి సెలవుల్లో పార పట్టి, వంక నుంచి బావి దాకా కాలువ తవ్వి వాననీళ్లు మళ్లించినాడు. అప్పుడు నవ్వినోళ్లలో నేను మొదటోణ్ణి. ఆ కరువులో ఊరి ఆడోళ్లు బిందెలు పట్టుకొని ఆ బావి కాడికే వచ్చినారు. నా పెండ్లాం కూడా. ఇంటికొచ్చి బిందె దించుతా, సారు చల్లగా ఉండాల అనింది. నాకు మళ్లీ మండింది.

మరుసటి పొద్దు సారే పిలిచినాడు. బిందెలు నిండినాక మిగిలే నీళ్లు ఒక చేనికి చాలుతాయి, మొదటి వంతు నువ్వు పెట్టుకో, నీ పైరు ఎండుతాంది అన్నాడు. ఆయనదీ ఎండుతానే ఉంది. ఆ రోజు నాకు నోరు లేచింది. బోరు ఆడ కావాలనే వేసినాను సార్ అని చెప్పేసినాను.

“తెలుసు. నీళ్లు చూసేటాయన నాకూ చెప్పినాడు పడమటి మూల గురించి.”

“మరి ఒక్క మాటా అనలేదే?”

“అంటే నువ్వు ఇంకో యాభై అడుగులు దిగేటోనివి.”

అంతే. టిఫిను డబ్బా మూతలో టీ పోసి నా చేతికిచ్చినాడు. తాగినాను. తప్పయింది సార్ అనే మాట మాత్రం అప్పుడూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. అంత ఓర్పు ఆయనకు యాడ నుంచి వచ్చిందా అని దాని మీద కూడా కుళ్లుకున్నాను.

సారు పోయిన నాటి సాయంత్రం ఊరి బయట, సారువాళ్ల క్రైస్తవుల సమాధుల కాడ గుంత తవ్వినారు. పైన మూడడుగులు గడ్డపార కూడా దిగనంత ఎండు. ఆ కింద మన్ను తేమతో నల్లగా తిరిగింది. పాస్టరు ప్రార్థన ముగించినాక ఒక్కొక్కరం పిడికెడు మన్ను వేస్తూ పోయినాం. నా వంతు వచ్చింది. అడుగు నుంచి తీసిన మన్ను అది, చల్లగా ఉంది. చెయ్యి తెరిచినా రాలలేదు. నా వేళ్ల అచ్చులతో ఒక ముద్దై, అట్లే అరచేతిలో నిలబడింది.