మూడో అంతస్తు పిడికెడు

మా ఊరు నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దారిలో ఉంది. ఉండేది అనాలేమో. శనగ పండిన చేలన్నీ ప్లాట్లయి, నంద్యాల వచ్చి మా గడపకు ఆనుకుంది. తారు రోడ్లు, వీధి దీపాలు, ఇంటింటికీ కుళాయి వచ్చాయి. వాటి కోసం మోకాళ్ల మీద ప్రార్థించినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఫిర్యాదు చేయను.

మా చర్చిలో ఒక అలవాటు ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి ఇంటి ఆడమనిషి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. వేస్తూ సంఘంలో ఎవరో ఒకరి కోసం ప్రార్థన చేస్తుంది. శనివారం నేను సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగుచేసి, ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల ముందు పెడతాను. సన్నబియ్యం, స్టోరు బియ్యం, నూకలు అన్నీ అందులో కలిసే ఉండేవి. ఆరాధన అయ్యాక లేనివాళ్లకు పంచేవాళ్లం.

చేలు అమ్మినవాళ్లు ఒక్కొక్కరే టౌనుకు వెళ్లి అక్కడి పెద్ద చర్చిల్లో కలిసిపోయారు. మిగిలిన ముసలివాళ్ల ఇళ్లలో వంట కోడళ్లది, వాళ్లకు ఈ అలవాటు లేదు. చివరికి డబ్బా పెట్టే ఇల్లు నాదొక్కటే అయింది. శనివారం వస్తే నా డబ్బాలోంచి నా సంచిలోకి నేనే పోసుకోవడం. కొత్త అపార్ట్‌మెంట్లలో ఒక్క ఇల్లయినా డబ్బా పెడితే, పోవడానికి నాకొక గడప ఉంటుందని ప్రభువును అడిగి బయలుదేరాను.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

"యాడికి పోతాండావక్కా? పనికొచ్చినావా?"

"చర్చి బియ్యానికప్పా."

"ఈడోళ్లు వండుకుంటే గదా! మూడు పూటలా హోటలు బండ్లే వస్తాండాయి. మూడో అంతస్తులో ఎడం పక్క ఒకామె ఆదివారం బైబిలు పట్టుకుని పోతాంటాది, ఆమెను అడుగు పో."

మెట్లెక్కి ఎడమ వైపు తలుపు కొట్టాను. నా కూతురి వయసు మనిషి తీసింది. నేను చెప్పింది ఓపికగా విని, లోపలికి వెళ్లి, కుట్టు విప్పని పది కిలోల బియ్యం సంచి తెచ్చి నా ముందు పెట్టింది.

"తీసుకోమ్మా. మళ్లీ మళ్లీ మెట్లెక్కే బాధ ల్యాకుండా."

"ఇంత కాదమ్మా, పూటకు పిడికెడే..."

"పిడికెడేందమ్మా, బిచ్చం ఏసినట్ల! నిండుగా తీస్కపో."

నిజంగా ప్రేమతోనే నవ్వింది. ఆ నవ్వు ముందు, నాకు బియ్యం కాదు, నువ్వు కావాలి అని చెప్పడానికి నోరు రాలేదు. కింద వాచ్‌మన్ సంచి నా భుజానికెత్తుతూ, "నీ పంట పండింది పోక్కా!" అన్నాడు.

ఆదివారం పాస్టరు అయ్యగారు చాలా సంతోషించారు. సంఘంలో ఉన్న తొమ్మిదిమందిలో అవసరమైనవాళ్లకు పంచినా ఇంకా మిగిలింది. వచ్చే శనివారం ఆ మెట్లెక్కడానికి మాత్రం నాకు కారణం మిగల్లేదు.

ఇప్పుడు పూటకు రెండు పిడికిళ్లు తీస్తున్నాను, ఒకటి నా ఇంటిది, ఒకటి ఆమె ఇంటిది. పేరు అడగడం మరిచాను. "ప్రభువా, మూడో అంతస్తు, ఎడమ వైపు తలుపు" అంటాను. ఆమెన్ అనడానికి వంటింట్లో ఇంకొకరు ఉండరు కాబట్టి, అదీ నేనే అంటాను.